రాజు, జాకీ వచ్చాయి... పారేయమంటారా?

పోయిన నెల ఈ శీర్షికలో ఆన్‌లైన్ పోకర్ గురించి అడిగిన ఒకాయనకి "సందేహంగా ఉంటే పారేయండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. దాని మీద ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. కొందరు నిజంగానే అడిగారు, కొందరు దెప్పారు, ఒకాయనైతే "అన్నీ పారేసేటట్టయితే ఆడ్డం దేనికండీ, పెద్ద చెరువు గట్టు మీద నాలుగు రౌండ్లు నడిస్తే ఆరోగ్యమైనా వస్తుంది" అన్నారు. న్యాయమే. అందుకని ఈ నెల మొత్తం ఆ ఒక్క విషయమే, చివర్లో మాత్రం ఒక రమ్మీ ప్రశ్న.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. మనిషికి రెండేసి ముక్కలు, ఎవరివి వాళ్ళకే తెలుస్తాయి. మధ్యలో అందరికీ కలిపి ఐదు ముక్కలు తిప్పుతారు, ముందు మూడు (ఫ్లాప్), తర్వాత ఒకటి (టర్న్), ఆఖర్న ఇంకొకటి (రివర్). ప్రతి మలుపులోనూ పందెం ఉంటుంది, చూడొచ్చు (కాల్), పెంచొచ్చు (రేజ్), పారేయొచ్చు (ఫోల్డ్). మొత్తం ఏడింట్లో మంచి ఐదు ఎవరివైతే పాట్, అంటే మధ్యలో పోగైన పందెమంతా, వాళ్ళది. ఇక్కడ నేను చెప్పేదంతా ఉత్తుత్తి చిప్స్‌తో ఆడే ఆట గురించి. డబ్బు సంగతి బొబ్బిలి నుంచి ఒకామె అడిగారు, అది అక్కడే చూడండి.

ప్రశ్న: ఆరుగురు కూర్చునే టేబుల్. నాకు కళావరు రాజు, డైమన్ జాకీ వచ్చాయి. అందరికంటే ముందు మాట్లాడాల్సింది నేనే. రేజ్ చేశాను, వెనకాల ఒకతను కాల్ చేశాడు. ఫ్లాప్‌లో రాజు, ఎనిమిది, నాలుగు. రాజుల జత పడింది కదా అని వేసుకుంటూ పోయాను, అతను చప్పుడు చెయ్యకుండా కాల్ చేసుకుంటూ వచ్చి రివర్‌లో ఉన్నదంతా తోసేశాడు. చూశాను. ఆసు, రాజు. వారంలో ఇది మూడోసారి. ఇంత మంచి ముక్కల్ని పారేయమంటే ఎలాగండీ? (నరసన్నపేట)

బొమ్మలు కనిపిస్తే మనకి చెయ్యి ఆగదు, ఏం చేస్తాం, చిన్నప్పటి నుంచీ అంతే. కానీ మీరు ఓడింది రివర్‌లో కాదు. ఎక్కడో కాస్త లెక్కేసి చూద్దాం, కూడికలూ తీసివేతలే, భయపడకండి.

మీ దగ్గరున్న రెండూ పోగా పేకలో 50 ముక్కలుంటాయి. వాటిలోంచి ఎదుటివాడికి రెండు ముక్కలు 1225 రకాలుగా రావచ్చు. వాటిలో మీ రాజు-జాకీని మెడ మీద కాలేసి తొక్కేవి ఏవి? ఆసు-రాజు 12 రకాలు, రాజు-రాణి 12, ఆసు-జాకీ 12. ఆసుల జత 6, రాణుల జత 6, రాజుల జత 3, జాకీల జత 3. మొత్తం 54. అంటే ఒక మనిషి దగ్గర అవి ఉండే అవకాశం నాలుగున్నర శాతం లోపే. ఇంతేనా అనిపిస్తుంది కదా. కానీ మీ వెనకాల ఐదుగురున్నారు. ఐదుగురిలో ఏ ఒక్కరి దగ్గరైనా ఉండే అవకాశం చూస్తే అది 20 శాతం, ఐదింట ఒకసారి. అదే మీరు డీలర్ సీట్లో ఉండి, ముందున్నవాళ్ళంతా పారేసి, వెనక ఇద్దరే మిగిలితే సుమారు పన్నెండింట ఒకసారి. ముక్కలు అవే, మారింది కుర్చీ.

ఇదింకా ఎవరూ నోరు విప్పకముందు లెక్క. ఎవరైనా రేజ్ చేశాక కథ వేరు. అతను కాస్త జాగ్రత్తపరుడనుకోండి, పదుల జత నుంచి పైకి, ఆసు-జాకీ నుంచి పైకి, రాజు-రాణి, ఇవి ఉంటేనే రేజ్ చేస్తాడనుకోండి. మీ చేతిలో రాజు, జాకీ ఉన్నప్పుడు అతనికి అలాంటివి 76 రకాలుగా రావచ్చు. ఆ 76లో 54 ఇందాక చెప్పుకున్నవే! మిగిలిన 22లో కూడా 16 ఆసు-రాణి, అదీ మీకంటే మెరుగే. అలాంటి మనిషి రేజ్ చేశాక రాజు-జాకీతో కాల్ చెయ్యడం చూస్తూ చూస్తూ గోతిలో దిగడమే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను, ఎందుకంటే ఇది ముక్క మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న కాదు. ఫ్లాప్‌లో రాజు పడింది. మీకు సంతోషం. మీరు పందెం వేశారు. ఎవరు వెళ్ళిపోతారు? చేతిలో ఒక ఎనిమిది ఉండి ఫ్లాప్‌తో జత పడినవాడు ఒకటి చూసి పోతాడు, తొమ్మిదుల జత ఉన్నవాడు రెండు చూసి పోతాడు, ఏమీ లేనివాడు వెంటనే పోతాడు. మరి మూడు రౌండ్లూ, అంత పందెం దాకా మీతో మిగిలేదెవరు? ఆసు-రాజు ఉన్నవాడు, రాజు-రాణి ఉన్నవాడు, మూడు ఎనిమిదులు పెట్టుకుని నవ్వుకుంటున్నవాడు. అంటే రాజు పడి మీరు గెలిచినప్పుడు పాట్ చిన్నది, రాజు పడి మీరు ఓడినప్పుడు పాట్ పెద్దది. సందేహం ముక్కలకి ఉన్న జబ్బు ఇదే. ముక్క కలవకపోతే అవి మనల్ని ముంచవు, పారేసి ఊరుకుంటాం. కలిసినప్పుడే ముంచుతాయి.

అందుకే ఆడదామా వద్దా అని ఆలోచించేటప్పుడు "ఇది కలుస్తుందా" అని కాదు, "ఇది కలిస్తే నాకు చిప్స్ ఇచ్చేదెవరు" అని అడుక్కోండి. జవాబు దొరక్కపోతే పారేయడమే. మీ ఆటలో అయితే, ముందు సీటు కాబట్టి, నేను రేజ్ చెయ్యకుండానే పారేసేవాణ్ణి. ఒకవేళ రేజ్ చేసినా ఫ్లాప్‌లో ఒకసారి వేసి, టర్న్‌లో ఆగి, రివర్‌లో అతను ఉన్నదంతా తోసినప్పుడు "నమస్కారం బాబూ" అని లేచేవాణ్ణి. ఇప్పుడు ఇంత పెద్దమనిషిలా చెబుతున్నానని అనుకోకండి. పలాసలో మా చుట్టాలింట్లో పెళ్ళికి వెళ్ళి, రాత్రి నిద్ర పట్టక జీడిపప్పులే చిప్స్‌గా పెట్టుకుని ఆడాం. నాకు ఆసు-తొమ్మిది, మధ్యలో ఆసు పడింది. ఎదురుగా మా తోడల్లుడి దగ్గర ఆసు-రాణి. తెల్లారేసరికి నా గిన్నెలో పప్పు పొట్టు కూడా మిగల్లేదు. ఓడినందుకు కాదు గాని, గెలిచినవన్నీ ఆయన నా ఎదురుగానే కూర్చుని తినడం ఇప్పటికీ గుర్తొస్తుంది.

ప్రశ్న: ఆరు, ఏడు ఇస్పేట్లు నా దగ్గర. ఫ్లాప్‌లో ఇంకో రెండు ఇస్పేట్లు. ఇంకొక్కటి వస్తే ఫ్లష్ (ఒకే రంగువి ఐదు). అది రావడానికి 35 శాతం అవకాశం అని ఎక్కడో చదివి కాల్ చేశాను. టర్న్‌లో రాలేదు. పాట్ 600 ఉంది, అతను 300 వేశాడు. మళ్ళీ కాల్ చేశాను. రివర్‌లోనూ రాలేదు. ఎప్పుడూ ఇంతే. 35 శాతం అంటే మూడింట ఒకసారైనా రావాలి కదా? (పలాస)

వస్తుంది. కానీ ఆ 35 శాతం రెండు ముక్కలకీ కలిపి. ఫ్లాప్‌లో ఒకసారి డబ్బు కట్టి టర్న్, రివర్ రెండూ చూడనిస్తేనే ఆ లెక్క. మీ దగ్గర మాత్రం టర్న్‌లో మళ్ళీ వసూలు చేశారు. టికెట్ పలాస నుంచి విజయనగరం దాకా తీసుకున్నాననుకుని ఎక్కారు, శ్రీకాకుళం రోడ్డులో టీసీ దించేసి మళ్ళీ తీసుకోమన్నాడు, అదీ సంగతి.

టర్న్ పడ్డాక మీరు చూడనివి 46 ముక్కలు. అందులో ఇస్పేట్లు 9. ఇరవై శాతానికి కాస్త తక్కువ. ఇప్పుడు ఖరీదు చూడండి. పాట్ 600, అతని 300, మొత్తం 900 కోసం మీరు 300 కట్టాలి. మీ 300 కూడా కలిపితే 1200, అందులో మీ వాటా నాలుగో వంతు. అంటే కనీసం 25 శాతం గెలవాలి, మీకున్నది 20 కూడా లేదు. పలాసలో ఉంటూ ఈ లెక్క మీకు నేను చెప్పాలా? జీడిపిక్కల బస్తా కొనేటప్పుడు పిక్క అందంగా ఉందా అని ఎవరూ చూడరు, ఎంత పప్పు దిగుతుంది, అడిగిన రేటుకి అది గిట్టుతుందా అని చూస్తారు. ఇస్పేట్లూ అంతే. నాలుగున్నాయి, అందంగా ఉన్నాయి, రేటు గిట్టలేదు.

అయితే ఇక్కడితో ఆపేస్తే సగమే చెప్పినట్టు. ఇదే ఆటని 46 సార్లు ఆడారనుకోండి. 9 సార్లు గెలిచి 900 చొప్పున 8100 తెచ్చుకుంటారు, 37 సార్లు 300 చొప్పున 11100 పోగొట్టుకుంటారు. తేడా 3000. గెలిచిన ఆ 9 సార్లలోనూ రివర్‌లో అతని దగ్గర్నుంచి సగటున ఇంకో 333 రాబట్టగలిగితే ఆ తేడా పూడిపోతుంది. కాబట్టి అతను ఎలాంటివాడో చూసుకోవాలి. మూడో ఇస్పేటు పడగానే ఉలిక్కిపడి ఆగిపోయే రకమా? పారేయండి. ఆసుల జత పట్టుకుని ఏం పడినా వదలని మొండివాడా? కాల్ చెయ్యండి. కాకపోతే మీవి ఆరు, ఏడు. వాడి దగ్గరా రెండు ఇస్పేట్లుండి అందులో ఒకటి రాణో రాజో అయితే మీ ఫ్లష్ కూడా రెండో స్థానమే, అప్పుడు ఫ్లష్ కలిసి మరీ మునుగుతారు. నరసన్నపేట వారి కథే, వేషం వేరు.

నోటి లెక్క కావాలంటే ఒకటుంది. మనకి పనికొచ్చే ముక్కలు ఎన్నో లెక్కపెట్టి, ఒక ముక్క మిగిలితే రెండుతో, రెండూ ఉచితంగా చూడగలిగితే నాలుగుతో హెచ్చించండి, దాదాపు అంత శాతం. ఎదుటివాడు సగం పాట్ వేస్తే మనకి 25 కావాలి, మొత్తం పాట్ వేస్తే 33. ఈ రెండూ గుర్తుంటే గడియారం పదిహేను సెకన్లు చూపిస్తున్నా టెన్షన్ ఉండదు.

ప్రశ్న: చిన్న జతలు, అంటే రెండ్ల నుంచి ఆర్ల దాకా, వస్తే ఆడాలా వద్దా? (రాజాం)

మూడోది ఫ్లాప్‌లో పడే అవకాశం సుమారు ఎనిమిదిన్నరకి ఒకసారి, వందకి 12 సార్లు. రేజ్ 100 అయితే 88 సార్లు 100 పోతుంది, కాబట్టి పడిన 12 సార్లూ సగటున 730 పైనే రావాలి. ఎదుటివాడి ముందు 400 చిప్సే ఉన్నాయనుకోండి, నూరు జన్మలెత్తినా అది రాదు, పారేయండి. రెండు వేలున్నాయా, చూడండి. మూడోది పడలేదా, ఫ్లాప్‌లోనే సెలవు. చిన్న జతల్లో నాకు నచ్చేది ఇదే, అవి మనిషిని ఊరించవు, పడితే పడ్డట్టు లేకపోతే లేదు. రాజు-జాకీలా సగం పడి సగం మిగిలి మనల్ని రివర్ దాకా లాక్కెళ్ళవు. ఉత్తుత్తి చిప్స్ టేబుళ్ళలో ఐదుగురూ కాల్ చేస్తారు కాబట్టి అక్కడ వీటి విలువ ఇంకా పెరుగుతుంది, వేరు వేరు రంగుల బొమ్మల విలువ తగ్గుతుంది.

ప్రశ్న: మా తమ్ముడు బయటి దేశం యాప్ ఏదో పెట్టుకుని డబ్బులకి పోకర్ ఆడుతున్నాడు. రెండు నెలల జీతం పోయింది, అప్పు కూడా చేశాడని అనుమానం. "ఇది జూదం కాదక్కా, తెలివితేటల ఆట, సుప్రీంకోర్టే చెప్పింది, పోయింది రాబట్టి ఆపేస్తా" అంటాడు. మీలాంటివాళ్ళు పత్రికల్లో రాయబట్టే కదా ఇదంతా? (బొబ్బిలి)

ఆ చివరి మాట పడతానమ్మా. అందుకే ముందుగా మీ తమ్ముడి మాటకి జవాబు చెబుతాను.

సుప్రీంకోర్టు చెప్పింది రమ్మీ గురించి. 1960ల్లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే పెట్టిన కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అంది. పోకర్ మాట అందులో లేదు. పైగా ఆ తర్వాత చాలా జరిగింది. 2020లో మన రాష్ట్రం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికి చట్టం చేసింది, అందులో నైపుణ్యమా అదృష్టమా అన్న తేడానే లేదు, డబ్బు కట్టి డబ్బు ఆశించి ఆన్‌లైన్‌లో ఆడితే అది నిషిద్ధమైన ఆటే. ఈ పార్లమెంటు చట్టంలో శిక్ష ఆడినవాడికి కాదు, నడిపేవాళ్ళకి, మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. బయటి దేశం యాప్ అంటే ఏమిటో కూడా అతనికి చెప్పండి. రేపు గెలిచినా వాళ్ళు డబ్బివ్వకపోతే ఏ స్టేషన్‌కి వెళ్తాడు?

"పోయింది రాబట్టి ఆపేస్తా" అన్నాడు చూశారూ, ఆ ఒక్క మాటతో అతనికి పోకర్ రాదని తెలిసిపోయింది. పాట్‌లో పడిన చిప్స్ ఎవరివి? ఎవరివీ కాదు. నేను వేసినవి కదా అని వాటి వెంట పరిగెత్తేవాణ్ణి చూసే పక్కవాళ్ళు టేబుల్ దగ్గర కూర్చుంటారు. అలాగని ఈ మాట అతనితో వాదనగా అనకండి, పౌరుషం వస్తే ఇంకో రాత్రి ఆడతాడు. అప్పు ఎంత, ఎవరి దగ్గర, లోన్ యాప్ ఉందా, ఇది ముందు కాగితం మీద పెట్టించండి. జీతం ఖాతా కొన్నాళ్ళు మీ నాన్నగారి కంట్లో ఉండేలా చూడండి. లోన్ యాప్ వాళ్ళు బెదిరిస్తే, మోసం జరిగితే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చెయ్యొచ్చు. అతనికి నిద్ర లేకపోవడం, అబద్ధాలు, ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకపోవడం ఇలాంటివి కనిపిస్తే మానసిక ఆరోగ్య సలహా కోసం టెలి మానస్ 14416, ప్రభుత్వానిదే, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ మీరు చేసినా పరవాలేదు.

ఇంకా మీ నింద సంగతి. నేను చెప్పే లెక్కలు చదివి ఎవరైనా "నాకు ఆట వచ్చేసింది, డబ్బుకి దిగుదాం" అనుకుంటే, వాళ్ళకి ఇంకో లెక్క చెబుతాను: డబ్బు టేబుల్‌లో ప్రతి పాట్ నుంచీ నడిపేవాడు కాస్త కోసుకుంటాడు. ఇద్దరూ సమానంగా ఆడితే ఇద్దరూ ఓడతారు, గెలిచేది వాడొక్కడే.

ప్రశ్న: రివర్‌లో పెద్ద పందెం వస్తే నాకు చూడకుండా ఉండడం కాదండీ. వాడి దగ్గర ఏటుందో తెలియకపోతే నిద్ర పట్టదు. నాది మధ్య జత. పాట్ వెయ్యి, వాడు వెయ్యి వేశాడు. ఏటి చెయ్యాలి? (ఆమదాలవలస)

వెయ్యి పెట్టి రెండు వేలు గెలుస్తారు. మూడింట ఒకసారి వాడిది దొంగాటైతే మీకు లాభమూ లేదు నష్టమూ లేదు, అంతకంటే ఎక్కువసార్లు దొంగాటైతే చూడాలి, తక్కువైతే పారేయాలి. చెప్పడం తేలిక. వాడు ఎన్నిసార్లు దొంగాట ఆడతాడో తెలిసేదెలా?

ఉత్తుత్తి చిప్స్ టేబుళ్ళలో రెండు రకాలవాళ్ళుంటారు. మొదటి రకం ముక్కలు చూడకుండానే మొదట్లోనే ఉన్నదంతా తోసేస్తారు, రెండు నిమిషాల్లో పోగొట్టుకుని మళ్ళీ ఉచిత చిప్స్ తీసుకుని వస్తారు. వాళ్ళ వెయ్యికి విలువ లేదు, మధ్య జతతో చూసేయొచ్చు. రెండో రకం ఉన్నారు, వాళ్ళు గంట నుంచి కాల్, కాల్, కాల్ తప్ప ఇంకో బటన్ నొక్కలేదు. అలాంటివాడు రివర్‌లో హఠాత్తుగా మొత్తం పాట్ అంత వేశాడంటే, మన ఊళ్ళో ఎప్పుడూ మాట్లాడని పెద్దాయన గ్రామసభలో లేచి నిలబడ్డట్టు. వినాలి. పారేయండి.

వాడు వెయ్యగానే ఆలోచించకుండా తెల్లమొహం వేసుకుని చూసేవాళ్ళకి ఒక అలవాటు చెబుతాను. బటన్ నొక్కేముందు వాడు ఓడిపోయే ముక్కలు, అంటే వాడు ఇలాగే ఆడుకుంటూ వచ్చి చివర్లో ఏమీ లేకుండా మిగిలిపోయే ముక్కలు, మూడు రకాలు పేరు పెట్టి చెప్పండి, పైకే చెప్పండి. ఉదాహరణకి ఫ్లాప్‌లో రెండు ఆఠీన్లున్నాయి, మూడోది రాలేదు, వాడిది ఫ్లష్ తప్పింది కావచ్చు. ఇది ఒకటి. రెండోది? మూడోది? ఒకటి చెప్పి ఆగిపోయారంటే మీరు చూసేది గెలవడానికి కాదు, కుతూహలానికి. ఆ కుతూహలం రేటు వెయ్యి.

అలాగని ప్రతి పెద్ద పందానికీ పారిపోతే అదీ పసిగట్టేస్తారు. పాట్ అంత వేసేవాడికి మీరు సగం కంటే ఎక్కువసార్లు పారేస్తుంటే చాలు, చెత్త ముక్కలతో కూడా వేసుకుంటూ బతికేస్తాడు. 2019లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, ఫేస్‌బుక్ వాళ్ళు కలిసి ప్లూరిబస్ అని ఒక ప్రోగ్రామ్ తయారు చేశారు, ఆరుగురి టేబుల్‌లో పేరున్న ఆటగాళ్ళనే ఓడించింది. అలాంటి ప్రోగ్రాములు సరిహద్దులో ఉన్న ముక్కల్ని ఒకే పరిస్థితిలో ఒకసారి చూస్తాయి, ఒకసారి పారేస్తాయి, మనసులో పాచికలు వేసుకున్నట్టు. ఎందుకంటే నిజంగా సరిహద్దులో ఉన్న ముక్కకి చూసినా పారేసినా చివరికి వచ్చేది దాదాపు ఒకటే. నేను పోయిన నెల చెప్పిన మాటకి ఇదే ఆధారం. రెండూ ఒకటే అయినప్పుడు ఫ్లాప్‌కి ముందు పారేసేది సుఖం, ఎందుకంటే ఆడితే ఇంకా మూడు రౌండ్లున్నాయి, ఆ మూడింట్లోనూ పొరపాటు చెయ్యడానికి మనకి అవకాశం ఉంటుంది, మనం చేస్తాం కూడా. రివర్‌లో ఆ బెడద లేదు, ఇంక ముక్కల్లేవు. అందుకని "సందేహంగా ఉంటే పారేయండి" అన్నది మొదటి రెండు ముక్కలకి గట్టిగా వర్తిస్తుంది, రివర్‌కి అంత గట్టిగా కాదు. ఆ తేడా పోయిన నెల చెప్పకపోవడం నాదే తప్పు.

ప్రశ్న: మీరన్నట్టే పారేస్తూ కూర్చుంటున్నా. పావుగంటకి విసుగొచ్చి ఏదొస్తే అది ఆడేస్తున్నా. (చీపురుపల్లి)

ఈ నెల వచ్చినవాటిలో నిజాయితీ గల ఉత్తరం మీదే తమ్ముడూ. ఆరుగురి టేబుల్‌లో బాగా ఆడేవాడు కూడా నాలుగింట ఒక ఆట ఆడతాడు, మిగతా మూడూ పారేస్తాడు. ఇంట్లో కూర్చుని పేక కలిపి పంచుకుంటే గంటకి పాతిక ముప్ఫై ఆటలు, కబుర్లతో పొద్దుపోతుంది. ఫోన్‌లో అరవై డెబ్భై వస్తాయి, కబుర్లుండవు, పారేశాక ఖాళీ తెర. ఆ ఖాళీలో వచ్చిన తొమ్మిది-అయిదు కూడా బంగారంలా కనిపిస్తుంది.

పారేశాక ఆట అయిపోలేదు, అక్కడే మొదలవుతుంది. మిగిలినవాళ్ళు ఎవరు ఎలా వేస్తున్నారు, చివర్లో ఏం చూపించారు, చూస్తూ ఉండండి. ఆమదాలవలస వారికి చెప్పిన రెండు రకాల మనుషులు అప్పుడే దొరుకుతారు. అదీ విసుగేనంటే ఫోన్ పక్కన పెట్టి పడుకోండి. వంతు రాకముందే నొక్కేసే "ఫోల్డ్" బటన్ మాత్రం వాడకండి. మిగతావాళ్ళెవరూ పందెం వెయ్యకపోతే తర్వాత ముక్క ఉచితంగా చూసే అవకాశం కూడా పోతుంది, పైగా మీరు మరీ త్వరగా పారేస్తున్నారని పక్కవాడు కనిపెడితే మీరు ఆలోచించినప్పుడల్లా ఏదో ఉందని తెలిసిపోతుంది.

ప్రశ్న: మాకు మీ పోకర్ తెలీదు బాబూ. పదమూడు ముక్కల రమ్మీలో డ్రాప్ ఎప్పుడు చెయ్యాలో చెప్పు. మా బావ జన్మలో డ్రాప్ చెయ్యడు, "మగాడు ఆడి ఓడాలి" అంటాడు. (శ్రీకాకుళం)

పెద్దవారు అడిగారు, చెబుతాను. డ్రాప్ అంటే ఆ ఆట వదిలేయడం. మొదట్లోనే డ్రాప్ చేస్తే 20 పాయింట్లు పోతాయి, మధ్యలో 40, ఆడి పూర్తిగా ఓడితే ఫుల్ కౌంట్ 80. నాలుగుసార్లు డ్రాప్ చేస్తే ఒక ఫుల్ కౌంట్. ముక్కలు పేర్చగానే మూడు చూడండి: జోకర్ లేకుండా వరస ఉందా, లేదా ఒక్క ముక్క దూరంలో ఉందా? జోకర్ ఉందా? బొమ్మలు, ఆసులు జతపడకుండా విడివిడిగా ఎన్ని? వరస ఉంటే ఆడండి, అది లేకపోతే మిగతావి ఎంత బాగా కలిసినా లెక్కలోకి రావు కదా. వరసకి ఒక్క ముక్కే తక్కువై, జోకర్ కూడా చేతిలో ఉంటే ఆడొచ్చు. వరసా లేదు, జోకరూ లేదు, నాలుగైదు బొమ్మలు తలోదిక్కూ చూస్తున్నాయి, అప్పుడు 20 ఇచ్చేయండి, రెండో ఆలోచన వద్దు. మధ్యలో 40 ఇచ్చేది మాత్రం ఎదుటివాడు పారేసే ముక్కలు చూసి, షో దగ్గర పడిందనిపించినప్పుడే.

మీ బావగారికి నా నమస్కారాలు చెప్పండి. సంక్రాంతికి శ్రీకాకుళం వస్తున్నాను, ఆయన ఏ ఇంట్లో కూర్చుంటారో కాస్త రాసి పంపండి.